ఒక్క మొనగాడా, ఏడుగురు మనుషులా?

పడక సీను చూడని తెలుగువాడు ఒకప్పుడు అరుదు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ ఊళ్ళో ఆడుతున్నారంటే ఆ ఒక్క సీను కోసమే చాపా దుప్పటీ చంకన పెట్టుకుని పొరుగూళ్ళ నుంచి జనం వచ్చేవారు. కృష్ణుడు నిద్ర నటిస్తూ ఉంటాడు. తలాపున దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు. కళ్ళు తెరిచిన కృష్ణుడు తన బలాన్ని రెండు వాటాలు వేస్తాడు. ఆయుధం పట్టని తానొక్కడూ ఒక వాటా. నారాయణ గోపకుల సేన యావత్తూ రెండో వాటా. చిన్నవాడు గనుక ముందు కోరుకోవలసింది అర్జునుడని తీర్పు చెబుతాడు. అర్జునుడు ఆ ఒక్కణ్ణీ కోరుకుంటాడు. సేన అంతా తనకే దక్కిందని దుర్యోధనుడు మురిసిపోతూ వెళ్ళిపోతాడు.

అరకులోయలో డిగ్రీ కుర్రాళ్ళకు ఈ ఘట్టం చెబుతూ ఉంటే వెనక బెంచీలోంచి ఒకడు, “అయితే అర్జునుడికి ఫస్ట్ పిక్ వచ్చిందన్నమాట సార్!” అన్నాడు. క్లాసు ఘొల్లుమన్నది. నవ్వి ఊరుకుంటే బాగానే ఉండును, వాళ్ళు ఊరుకోలేదు. ఈ కొండల కుర్రాళ్ళు సెల్‌ఫోనులో అమెరికా బాస్కెట్‌బాలు చూస్తారు, మన కబడ్డీ లీగు చూస్తారు, రెండింటి మీదా వాదించుకుంటారు. ఆ పూట వాళ్ళు లేవదీసిన పేచీ ఇది: పడిపోయి మళ్ళీ లేవాలనుకునే జట్టు, చేతిలో ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఒక్క మొనగాణ్ణి తెచ్చుకోవాలా? లేక ఆ డబ్బుతో నలుగురైదుగురిని కూర్చుకుని ఓపిక పట్టాలా?

బాస్కెట్‌బాలు సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. అమెరికాలో ఎన్.బి.ఎ. అనే లీగు ఉన్నది. ఏటా కాలేజీల నుంచీ పరదేశాల నుంచీ వచ్చే కొత్త ఆటగాళ్ళను జట్లు వరుస ప్రకారం ఎంచుకుంటాయి. దీన్నే డ్రాఫ్టు అంటారు. రెండు విడతలు, విడతకు 30 మంది చొప్పున లెక్క. నిరుడు ఓడినవాళ్ళకు ముందు వరుస రావాలన్నది ధర్మం. అయితే కావాలని ఓడిపోయేవాళ్ళు ఉంటారు గనుక 1985 నుంచి లాటరీ కూడా పెట్టారు. 2019 నుంచి అమలులోకి వచ్చిన పద్ధతిలో అట్టడుగున ఉన్న మూడు జట్లకూ మొదటి వరుస దక్కే అవకాశం నూటికి 14 పాళ్ళే. ఇక వరుసలో వెనక ఉన్నవాడు ముందున్నవాడితో బేరమాడి, “నా చోటు నువ్వు తీసుకో, పైగా రాబోయే ఏడు నాకు రావలసిన చోటు కూడా నీకే ఇస్తాను, నన్ను ముందుకు పోనివ్వు” అనవచ్చును. అదే ట్రేడింగ్ అప్. దుర్యోధనుడికి ఆ బుద్ధి పుట్టి ఉంటే, పాండవులు అడిగిన అయిదూళ్ళూ పారేసి మొదటి కోరిక కొనుక్కునేవాడే! మనకు యుద్ధపర్వాలు ఉండేవి కావు, నాకు ఉద్యోగమూ ఉండేది కాదు.

ఈ బేరం ఎలా తిరుగుతుందో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 2017లో ఫిలడెల్ఫియా జట్టు మూడో వరుసలో ఉన్నది. బోస్టన్‌ది మొదటి వరుస. ఫిలడెల్ఫియా తన మూడో చోటుతో పాటు భవిష్యత్తులో మరొక మొదటి విడత చోటును కూడా ఇచ్చి ముందుకు జరిగింది. మార్కెల్ ఫుల్ట్స్ అనే కుర్రవాణ్ణి ఎంచుకున్నది. అతనికి భుజం పట్టుకుపోయింది. చెయ్యి లేపి బంతి వెయ్యడమే కష్టమైపోయింది. ఫిలడెల్ఫియాకు ఆడినవి మొత్తం 33 ఆటలు. 2019 ఫిబ్రవరిలో వేరే జట్టుకు పంపించేశారు. వెనక్కి జరిగిన బోస్టన్ మూడో చోట జేసన్ టేటమ్‌ను తీసుకున్నది.

మరుసటి ఏడు, 2018లో, డల్లాస్ ఇదే పని చేసింది. అయిదో చోటునుంచి మూడో చోటుకు జరగడానికి తర్వాతి ఏటి మొదటి విడత చోటును అట్లాంటాకు ధారపోసింది. అట్లా తెచ్చుకున్నవాడు లూకా డాన్సిచ్. ఇచ్చిన దానికి పదింతలు లాభం వచ్చిందన్నా అతిశయోక్తి కాదు. చిత్రమేమంటే 2024 ఫైనల్లో తలపడినవి డల్లాస్, బోస్టన్ జట్లే. ముందుకు జరిగి తెచ్చుకున్నవాడు ఒక పక్క, వెనక్కి జరిగి తెచ్చుకున్నవాడు ఇంకో పక్క. బోస్టన్ నాలుగు ఆటలు గెలిచింది, డల్లాస్ ఒకటి. టేటమ్ ఒక్కడే గెలిపించాడని నేననను. బోస్టన్‌లో అతని చుట్టూ ఉన్నవాళ్ళు ఎట్లాంటివాళ్ళో ఆట చూసినవారికి తెలుసును.

రిచర్డ్ థేలర్ అని ఒక ఆర్థికశాస్త్రవేత్త ఉన్నారు. 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయనా, కేడ్ మాసీ అనే మరొకరూ కలిసి అమెరికా ఫుట్‌బాల్ డ్రాఫ్టును ఏళ్ళ తరబడి లెక్కలు వేసి చూశారు. వాళ్ళకు తేలిందేమంటే, ముందు వరుసలకు జట్లు చెల్లించే వెల అసలు విలువను మించిపోతున్నది. కుర్రాళ్ళలో ఎవడు మెరుగో తమకు తెలిసిపోయిందని జట్లవాళ్ళు నమ్ముతారు. నిజానికి ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు తర్వాతివాడికంటే బాగా ఆడే అవకాశం బొమ్మా బొరుసా వేసినంత కంటే ఏ కొంచెమో మాత్రమే ఎక్కువ. పెళ్ళిచూపుల్లో అరగంట చూసి అన్నీ తెలిసిపోయాయనుకునే పెద్దలు మనకు కొత్తేమీ కాదు గదా!

సరే, అమెరికా గోల మనకెందుకు? మన గడపలోనే ఇంతకంటే పెద్ద పాఠం ఉన్నది. దాని పేరు తెలుగు టైటాన్స్.

ప్రో కబడ్డీ లీగు 2014లో మొదలయింది. అక్కడ డ్రాఫ్టు కాదు, వేలం. జట్టుకు ఇంత సొమ్ము అని ముందే కట్టడి చేస్తారు. ఆ సంచిలోనే అందరినీ కొనుక్కోవాలి. అంచేత ఒకడికి ఎక్కువ పెడితే మిగతావాళ్ళకు తక్కువ మిగులుతుంది. వరుసలో ముందుకు జరగడానికి రేపటి చోటు ఇవ్వడమూ, మొనగాడి కోసం మిగతా ఆరుగురి డబ్బు ఇవ్వడమూ ఒక్కటే బేరం. మొదటి ఆరు సీజన్లూ టైటాన్స్‌కు రాహుల్ చౌదరి అండగా ఉన్నాడు. 2015లో జట్టు మూడో స్థానం సంపాదించింది కూడా. 2019లో అతన్ని వదులుకుని, సిద్ధార్థ్ దేశాయిని కోటీ 45 లక్షలకు కొన్నారు. ఆ ఏడు వేలంలో అదే పెద్ద ధర. ఫలితం, 12 జట్లలో 11వ స్థానం. అతన్నే మళ్ళీ కోటీ 30 లక్షలకు నిలుపుకున్న తర్వాతి సీజనులో మూడు ఆటలకే గాయమై పక్కకు తప్పుకున్నాడు. ఆ సీజనులో 22 ఆటల్లో టైటాన్స్ గెలిచింది ఒకటి. దాని తర్వాతి సీజనులో గెలిచినవి రెండు.

ఇక 2023 అక్టోబరు వచ్చింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు నాయకుడిగా బంగారు పతకం తెచ్చిన పవన్ సెహ్రావత్ వేలానికి వచ్చాడు. టైటాన్స్ రెండు కోట్ల 60 లక్షల 50 వేలకు పాడారు. అంతకు ముందు లీగులో ఎవరికీ అంత వెల పలకలేదు. జట్టుకు అనుమతించిన మొత్తం సొమ్ము 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్క మనిషి మీద! పవన్ ఆడలేదా అంటే, బ్రహ్మాండంగా ఆడాడు. ఆ సీజనులో 200 పైచిలుకు పాయింట్లు కూతకు వెళ్ళి తెచ్చాడు. జట్టు మాత్రం 22 ఆటల్లో రెండు గెలిచి, ఒకటి సమం చేసి, 19 ఓడి మళ్ళీ అట్టడుగున నిలిచింది. మూడు సీజన్లు, 66 ఆటలు, 5 గెలుపులు. లెక్క మళ్ళీ చూసుకోనక్కరలేదు, సరిగ్గానే ఉన్నది.

మొనగాడు ఆడినా జట్టు ఎందుకు మునిగింది? ఇక్కడ కబడ్డీకీ బాస్కెట్‌బాలుకూ ఉన్న తేడా చూడాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. బాస్కెట్‌బాలులో అయిదుగురే ఉంటారు. 48 నిమిషాల ఆటలో మంచి ఆటగాడు ఇంచుమించు 36 నిమిషాలు నేలమీదే ఉంటాడు. బంతి ఎన్నిసార్లు చేజారినా అతను ఎక్కడికీ పోడు. కబడ్డీలో అట్లా కాదు. కూతకు వెళ్ళిన మొనగాణ్ణి ఎదుటివాళ్ళు ఒకసారి పట్టేస్తే బయట కూర్చోవలసిందే. అతను తిరిగి లోపలికి రావాలంటే తన జట్టువాళ్ళు ఎవరో ఒకరు పాయింటు తేవాలి: ఎదుటి కూతగాణ్ణి పట్టుకోవాలి, లేదా తామే కూతకు వెళ్ళి తాకి రావాలి. అంటే రెండున్నర కోట్ల మనిషి లోపల ఉండడమా, బెంచీమీద తుండుగుడ్డతో చెమట తుడుచుకోవడమా అన్నది తొమ్మిది లక్షల కుర్రాడి మోకాలి పట్టు మీద ఆధారపడి ఉంటుంది! ఆ పట్టు లేనినాడు మొనగాడు ఎంతటివాడైనా ప్రేక్షకుడే. పైగా అందరూ అవుటయితే ఎదుటివాళ్ళకు అదనంగా రెండు పాయింట్లు. బలహీనమైన జట్టులో మొనగాణ్ణి ఒక్కణ్ణి పట్టేస్తే చాలు, తక్కినవాళ్ళు వరుసగా రాలిపోతారని ఎదుటి జట్టుకు తెలుసు. ఏడుగురి బలమూ అతని ఒక్కడి మీదే విరుచుకుపడుతుంది.

దీనికి తిరుగులేని రుజువు కూడా ఉన్నది. 2022లో ఇదే పవన్‌ను తమిళ్ తలైవాస్ రెండు కోట్ల 26 లక్షల పైన పెట్టి కొన్నారు. మొదటి ఆటలోనే అతని మోకాలు దెబ్బతిన్నది. సీజనంతా పోయింది. తలైవాస్ పని అయిపోయిందన్నారు అందరూ. తీరా చూస్తే కొత్తగా వచ్చిన నరేందర్ అనే కుర్రవాడు 243 పాయింట్లు తెచ్చి కూర్చున్నాడు. సాగర్, సాహిల్ వంటి డిఫెండర్లు గట్టిగా నిలబడ్డారు. ఆ జట్టు జీవితంలో మొదటిసారి సెమీఫైనలుకు వెళ్ళింది. మొనగాడు ఉండి ఒక జట్టు అట్టడుగున పడ్డది. అదే మొనగాడు లేక ఇంకొక జట్టు పైకి లేచింది. పవన్ తప్పు ఇందులో రవ్వంత లేదు సుమా. 2019 జనవరిలో బెంగళూరుకు కప్పు తెచ్చిపెట్టిన ఘనుడతను.

అయితే మొనగాణ్ణి ఎన్నడూ కొనకూడదా? మా క్లాసులో ఒక ఆడపిల్ల ఇదే అడిగింది, అడిగిన తీరు కూడా బాగుంది: “అర్జునుడు ఒక్కణ్ణే కోరుకుని గెలిచాడు కదా సార్, సేనను తీసుకున్నవాడే ఓడిపోయాడు!” నిజమే. కాని అర్జునుడి ఇంట్లో అప్పటికే ఎవరున్నారో చూడమన్నాను. భీముడున్నాడు. సాత్యకి ఉన్నాడు. ద్రుపదుడూ, విరాటుడూ బలగాలతో వచ్చారు. ఏడు అక్షౌహిణులు పోగయ్యాయి. పిడికిలి పట్టి పోరాడేవాళ్ళకు లోటులేని జట్టు అది. లోటల్లా పగ్గాలు పట్టేవాడికే. కృష్ణుణ్ణి ఆ చోటుకు కోరుకున్నాడు అర్జునుడు. ఒంటరిగా అడవిలో ఉన్న ధర్మరాజు, తమ్ముళ్ళనూ ఆయుధాలనూ అమ్ముకుని సారథిని తెచ్చుకుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

కబడ్డీలోనూ సరిగ్గా ఇదే జరిగింది. ఇరాన్ ఆటగాడు మహమ్మద్‌రెజా షాద్లూయిని 2023లో పుణేరి పల్టన్ రెండు కోట్ల 35 లక్షలకు కొని ఆ సీజను కప్పు గెలిచింది. 2024లో హర్యానా స్టీలర్స్ అతన్నే రెండు కోట్ల 7 లక్షలకు కొని ఆ సీజను కప్పు గెలిచింది. చూశారా మొనగాడి మహిమ, అంటారు. కాస్త ఆగండి. పుణేరి అంతకు ముందు సీజనులోనే ఫైనలు ఆడి ఓడిన జట్టు. హర్యానా కూడా అంతే. ముందటి సీజను ఫైనల్లో ఓడినది. ఇద్దరూ ఇంటికి గోడలు లేపి, దూలాలు పరిచి, పైకప్పుకు ఒక్క వాసం తక్కువయితే దాన్ని కొనుక్కున్నారు. గోడలు లేనివాడు బజారులో అన్నిటికంటే మంచి దూలాన్ని కొని తెచ్చుకుంటే అది వాకిట్లో పడి ఉంటుంది.

టైటాన్స్‌కు ఈ సంగతి ఆలస్యంగానైనా తెలిసినట్టే ఉంది. 2024లో పవన్‌ను కోటీ 72 లక్షల 50 వేలకు తగ్గించి నిలుపుకున్నారు. అంతకు ముందు ఢిల్లీకి కప్పు తెచ్చిన కృషన్ కుమార్ హూడాను శిక్షకుడిగా పెట్టుకున్నారు. వేలంలో పెద్ద సందడి లేకుండా వచ్చిన విజయ్ మాలిక్ ఆ సీజనులో జట్టును మోశాడు. 12 ఆటలు గెలిచారు, ఏడో స్థానం. 2025లో పవన్ వేరే జట్టుకు వెళ్ళిపోయాడు. విజయ్ మాలిక్ నాయకుడయ్యాడు. ఆ ఏడు ఆగస్టు 29న విశాఖలోనే లీగు మొదలయింది. మొదటి ఆటలో ఎదుటి జట్టులో పవన్‌ను చూసి మనవాళ్ళకు ఎట్లా ఉండిందో! టైటాన్స్ ఆ ఆట ఓడిపోయారు. కాని సీజను ముగిసేసరికి ఫైనలుకు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్ళి, పుణేరి చేతిలో ఆగిపోయారు. రెండేళ్ళ కిందట అట్టడుగున ఉన్న జట్టే ఇది.

మా కొండల్లో దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. అరకు కాఫీ ఇవాళ పారిస్ దాకా పోయింది గాని, దాన్ని ఎండలో ఎవరూ నాటరు. ముందు సిల్వర్ ఓకు చెట్లు పెంచాలి. నీడ కుదిరాక దాని కింద కాఫీ మొక్క పెట్టాలి. కాపు రావడానికి మూడు నాలుగేళ్ళు ఆగాలి. ఆ ఓకు చెట్టుకే మిరియపు తీగ పాకిస్తే, కాఫీ ధర పడిపోయిన ఏడు మిరియాలు ఆదుకుంటాయి. ఎంత మేలిరకం మొక్కయినా సరే, నీడ లేని చోట పాతితే ఆకులు మాడిపోతాయి. ఇది గూడెంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

చెబుతారు గాని, సంక్రాంతి వచ్చేసరికి మరిచిపోతారు. డుంబ్రిగుడ మండలంలో ఒక గూడెం కుర్రాళ్ళు నా దగ్గర చదువుకుంటున్నారు. పండగ పోటీల కోసం వాళ్ళకొక చిన్న నిధి ఉన్నది. కాఫీ పండు కోతకు వెళ్ళి తెచ్చిన కూలి డబ్బులో తలా కొంత వేసుకున్నది. నిరుడు అదంతా పెట్టి కింద మైదానం నుంచి పేరున్న కూతగాణ్ణి ఒకణ్ణి కిరాయికి తెచ్చుకున్నారు. అతను మోటారు సైకిలు మీద వచ్చాడు, కొత్త బూట్లు తొడుక్కున్నాడు. రెండు ఆటలు అవలీలగా గెలిపించాడు. మూడో ఆటలో ఎదుటివాళ్ళు కాచుకుని కూర్చుని మొదటి నాలుగు నిమిషాల్లోనే పట్టేశారు. అతన్ని లేపగలిగినవాళ్ళు లేరు. ఉండవలసిన కుర్రవాడు, పొట్టివాడే గాని చీలమండ పట్టుకుంటే ఉడుములా వదలనివాడు, బయట ప్రేక్షకుల్లో కూర్చుని ఉన్నాడు. కిరాయి మనిషికి చోటివ్వడానికి తీసేసింది వాణ్ణే.

ఈ నష్టం ఏ పాయింట్ల పట్టికలోనూ కనిపించదు. నాకు బాధ కలిగించేది ఇదే. తెలుగు పేరు పెట్టుకున్న జట్టులో హర్యానా కుర్రాళ్ళే ఎక్కువ. వాళ్ళను తప్పు పట్టను. అక్కడ ఊరూరా ఆడతారు, చిన్నప్పటినుంచి ఒకరితో ఒకరు తలపడి రాటుదేలతారు. మన కొండల్లో ఆట లేకనా? దమ్ము లేకనా? మోపుతో కొండెక్కి దిగే ఊపిరి వీళ్ళది. పోటీలో నిలబడే చోటు మాత్రం వీళ్ళకు దొరకదు. ఎప్పుడు నాలుగు రూపాయలు పోగయినా అవి బయటి మొనగాడి చేతిలోకి పోతాయి. ఏటా ఆరుగురు కుర్రాళ్ళు ఒక మెట్టు ఎక్కవలసినవాళ్ళు గట్టుమీద కూర్చుని చప్పట్లు కొడతారు.

ఈ ఏడు మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. అదే మనిషిని పిలుద్దామని కొందరు, వద్దని కొందరు. నా సలహా అడిగారు. “మీ డబ్బు, మీ ఇష్టం, నన్నడిగితే మాత్రం ముందు మీ పొట్టివాణ్ణి లోపల పెట్టండిరా” అన్నాను. ఒక పెద్దకుర్రాడు ఒప్పుకోలేదు. “ఓడిపోతే మీరేమీ అనరు సార్, మా ఊళ్ళో మమ్మల్నంటారు” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఓడేకాలంలో ఓపిక పట్టమని చెప్పడం స్టాఫ్ రూములో కూర్చున్నవాడికి తేలికే. టైటాన్స్ యజమానులకూ ఈ భయమే ఉండి ఉంటుంది. టిక్కెట్టు కొన్న జనానికి ఒక బొమ్మ చూపించాలి గదా.

చివరికి వాళ్ళు మధ్యేమార్గం తొక్కారు. కిరాయి కూతగాడు లేడు. నిధిలో కొంత పెట్టి మోకాళ్ళకు కట్టుకునే పట్టీలూ, నాలుగు జతల బూట్లూ కొన్నారు. మిగిలింది పాడేరులో గానీ విశాఖలో గానీ సెలక్షన్లు పడితే బస్సు ఖర్చులకని అట్టే పెట్టారు. అలిగిన పెద్దకుర్రాడు పక్క గూడెం జట్టులో చేరిపోయాడు. అతని స్నేహితుడొకడు కూడా వెంట వెళ్ళాడు. మిగిలినవాళ్ళు కోత అయిపోయిన వరిమడిలో సాయంత్రాలు సాధన చేస్తున్నారు. మడిలో మోళ్ళు ఇంకా పూర్తిగా తీయలేదు, కాళ్ళు గీరుకుపోతున్నాయి. పొట్టివాడు మాత్రం రోజూ అందరికంటే ముందే వచ్చి ఆ మోళ్ళు పీకుతూ కనిపిస్తాడు.